సరళ చెప్పని లెక్క

2025 సెప్టెంబరు 8, సోమవారం. ఉద్యోగం ఒకటి, మిర్యాలగూడకు రమ్మని పిలుపు అందినవారు నలభై ఏడుగురు. వారిలో చివ్వెంల దగ్గరి పల్లె నుంచి బయలుదేరిన సరళ ఒకతె.

గొర్రెలకు, పశువులకు బీమా చేసే ఒక సంస్థలో ఫీల్డ్ అసిస్టెంట్ పని అది. ఊరూరా తిరిగి కాపరుల మందల వివరాలు రాసుకురావాలి. డిగ్రీ ముగిసి మూడేళ్లుగా ఖాళీగా ఉన్న సరళకు ఇంతకన్నా తగిన కొలువు దొరకదని, సూర్యాపేటలో ఇంటర్వ్యూ శిక్షణ ఇచ్చే గోవర్ధన్ సార్ కూడా అన్నాడు. అయితే ఆ కొలువును నమ్ముకున్నది ఆమె ఒక్కతే కాదు. తండ్రి బీరయ్యకు మోకాళ్లు అరిగిపోయాయి, ఇక ఎక్కువ కాలం మంద వెంట నడవలేడు. కూతురికి జీతం వస్తే ఒక మనిషిని పెట్టుకొని మందను నిలుపుకోవచ్చు. రాకపోతే దసరాలోపు అమ్మేయాలి. ఆ మాట ఇంట్లో ఒక్కసారే అనుకున్నారు. మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ప్రతి ఇంటర్వ్యూలోనూ వచ్చే ప్రశ్నలను గోవర్ధన్ సార్ చెప్పి, ఇంట్లో ఎవరితోనైనా అడిగించుకొమ్మన్నాడు. అడగడానికి బీరయ్యే కూర్చున్నాడు. చదువు రాకపోయినా ప్రశ్నలన్నీ తొందరగానే నోటికి పట్టాడు. సాయంత్రం మందను లోపలికి తోలి, దొడ్డి ముందు మంచం మీద గొంగడి పరుచుకొని, గొంతు సవరించుకొని మొదలుపెట్టేవాడు.

“మీ గురించి జర చెప్పున్రి మేడం.”

“బిడ్డను పట్టుకొని మీరంటున్నడు సూడు,” అనేది తల్లి దుర్గమ్మ, పొయ్యి దగ్గరి నుంచి. “గిన్నేండ్ల సంసారంల నన్నొక్కనాడన్న అన్నవా గట్ల?”

“నువ్వు కొలువుకొచ్చినవా? జర ఊకో. మేడం, మీ బలహీనత ఏంది?”

“పొద్దెక్కేదాంక పండుడు.” జవాబు దుర్గమ్మదే.

సరళ నవ్వు ఆపుకొని, “పని పూర్తయ్యేదాకా నాకు నిద్ర పట్టదు సార్,” అని నేర్చుకున్నది చెప్పేది. ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి అన్న వాటికీ తడబడకుండా బదులిచ్చేదాకా బీరయ్య వదల్లేదు.

మిర్యాలగూడలో అధికారి ఆ ప్రశ్నలే అడిగాడు. ఆమె బాగానే చెప్పింది. ఆయన కాగితాలు పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

“కాపరి ఇంటి అమ్మాయివి. మాకు కావలసింది అట్లాంటి వాళ్లే. మీ నాన్నకు గొర్రెలెన్ని?”

ఆ ప్రశ్న దొడ్డి ముందు ఎన్నడూ రాలేదు. బీరయ్య తాత నాటి నుంచి ఆ ఇంటి మంద లెక్క పరాయివారి ముందు పెదవి దాటలేదు. దాటితే మంద తరుగుతుందని నమ్మకం. పొద్దున దొడ్డి తడిక తీసినప్పుడు బీరయ్య కళ్లతోనే చూసుకుంటాడు; ఎవరైనా అడిగితే, “ఉన్నయి, బీరప్ప ఇచ్చినన్ని,” అని కులదైవం పేరు చెప్తాడు. సరళకు సంఖ్య తెలుసు. ఏదో ఒక సంఖ్య చెప్పినా సరిపోయేదని తిరుగు బస్సులో తట్టింది గానీ అక్కడ తట్టలేదు. తండ్రి ముఖమే కళ్ల ముందు మెదిలింది.

“ఉన్నయి సార్... ఇంటికి సరిపోయినన్ని.”

“అంటే ఎన్నమ్మా?”

ఆమె తల దించుకుంది. ఆయన కసురుకోలేదు. “మాకే చెప్పనిదానివి, కాపరులతోని ఎట్లా చెప్పిస్తవమ్మా?” అని మెల్లగా అని, తర్వాతి మనిషిని పిలిపించాడు.

ఇంటికి చేరాక బీరయ్య ఒక్కొక్క ప్రశ్నా అడిగి తెలుసుకున్నాడు. తాను అడిగినవే వచ్చాయని మొదట మురిశాడు. చివరిది విన్నాక మోకాలు రుద్దుకున్నాడు.

“చెప్తే ఏమైతుండె బిడ్డా.”

“నువ్వే చెప్పొద్దంటివి గద నాయినా.”

“అన్న. గాడ గదే అడుగుతరని నాకేం ఎర్క?”

వేరొకరిని తీసుకున్నట్టు శుక్రవారం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

తర్వాతి వారం కోదాడ నుంచి వ్యాపారి లారీతో వచ్చాడు. “మొత్తం ఎన్నుంటాయి బాబాయ్? లెక్క తేలాలిగా,” అన్నాడు. బీరయ్య తడిక పట్టుకొని నిలబడి, కూతురి వైపు చూశాడు.

“నువ్వు లెక్కవెట్టు బిడ్డా. గట్టిగ చెప్పు. ఇగ చెప్తే పోయేదేం లేదు.”

సరళ లెక్కించింది. చెక్క మీదుగా గొర్రెలు ఒక్కొక్కటే లారీలోకి ఎక్కాయి. ఆమె చెప్పే ప్రతి అంకెకూ బీరయ్య ఒకదాని వీపు మీద చేయి వేసి వదిలాడు. ఆఖరిది మొరాయిస్తే దుర్గమ్మ దాన్ని ఎత్తుకొని లోపలికి అందించింది.

సరళ చివరి అంకె చెప్పింది. బీరయ్య తలూపాడు.

“సరిగ్గనే ఉన్నయి,” అన్నాడు. “ఒక్కటి గూడ తరగలే.”