ముత్తాత పేరు మీద బియ్యం

మా ముత్తాత నిజాం ఫౌజులో సిపాయి. అది మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. నిజాం రాజ్యం పోయిన ఏడాదే ఆయన కనిపించకుండా పోయాడు. ఆయన కూతురే మా అమ్మమ్మ. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు పోయినవాళ్లందరి పేరు మీదా అయ్యగారికి బియ్యం ఇస్తుంది, ఒక్క తండ్రి పేరు మీద తప్ప. బతికున్న మనిషికి బియ్యం ఇస్తే పాపమట. వయసు చూసినా ఎప్పుడో పోయుంటాడని ఎంత మొత్తుకున్నా వినదు.

"సచ్చిండని ఎవరన్న ఒకలు చెప్పాలె బిడ్డా" అంటుంది.

ఈ ఏడు ఆమె మంచం పట్టి లేచింది. వచ్చే పెత్రమాస చూస్తానో లేదో, ఈలోపే కనుక్కొమ్మని నా వెంటపడింది. అలా దమ్మామ్‌లో, సౌదీ కంపెనీ క్యాంపులో కూర్చుని ముత్తాతను వెతకడం మొదలుపెట్టాను. పగలంతా ఏసీలు బాగుచేయడం, గదికొచ్చాక ఫోన్లో ఇదే పని. పాత జనాభా లెక్కలు చూస్తే ఊళ్లో ఎన్ని తలలో ఉంది కానీ ఎవరి తలో లేదు. చివరికి హైదరాబాదులో పాత రికార్డులు చూసే ఒకాయన్ని బతిమాలితే, ఫౌజు పట్టీలో ఒక పేజీ ఫోటో తీసి పంపాడు.

అంతా ఉర్దూ. మా బస్సు నడిపే పాకిస్తానీ చాచాకు చూపించాను. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, మా ఊరి పేరు చదివాడు. చివరి గడి దగ్గర ఆగి "మఫ్రూర్" అన్నాడు. నాకు అర్థం కాలేదని చూసి, "భాగ్ గయా. యహా హురూబ్ బోల్తే నా, వహీ" అన్నాడు.

హురూబ్ నాకు బాగా తెలుసు. పనివాడు పారిపోయాడని కఫీల్, అంటే వాణ్ణి తెచ్చుకున్న యజమాని, సర్కారు లెక్కలో రాయించే మాట. మా గదిలో ఉండే జగిత్యాల అన్న ఆసుపత్రిలో ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఆయన మీద రాయించారు. మంచం దిగలేని మనిషి ఎక్కడికి పారిపోతాడో ఆ రాయించినవాణ్ణి అడగాలి. శవం ఊరికి పోవడానికి కూడా ఆ మాటే అడ్డం పడింది. అలాంటి రాతను నేను నమ్మను. ముత్తాతనూ ఎక్కడో పోగొట్టుకుని, పారిపోయాడని రాసుకున్నారేమో. ఆ మంటతోనే నిశ్చయించుకున్నాను, నిజాం చివరి లడాయిలో పోయాడని చెప్పేద్దామని.

పెత్రమాస నాడు పొద్దున్నే ఫోన్ చేశాను.

"అమ్మమ్మా, దొరికిండు. లడాయిల సచ్చిండట."

ఆమె గొంతు తగ్గించింది.

"లడాయిల కాదు బిడ్డా. లడాయి అయినంక ఇంటికొచ్చిండు. తలుపు కొట్టిండు. నిజామోని సిపాయిని ఇంట్ల వెట్టుకుంటే ఊరోళ్లు ఇల్లు కాలవెడ్తరని మా అమ్మ గడియ తియ్యలె. నా నోరు మూసి వట్టుకున్నది. నన్ను పేరు వట్టి పిలిచిండు."

ఇన్నేళ్లలో ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నా అబద్ధానికి నాకే సిగ్గేసింది.

"ఆడికెల్లి యాడికి వోయిండో రాసిర్రా?"

"లేదు అమ్మమ్మా. పారిపోయిండని రాసిర్రు. గంతే."

"అయితే సచ్చిండని ఎవలు చెప్పనట్టే" అంది. "మా నాయిన పేరు మీద బియ్యం చాటల పోసిపెట్టిన. మల్ల డబ్బల వోస్త."

ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది. బియ్యం డబ్బాలో పడుతున్న చప్పుడు చివరిదాకా విన్నాను.