యాదమ్మ బర్రెకు బీమా

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. సిద్దిపేట దగ్గరి ఒక మండలంలో నేను పశువుల డాక్టరును. దవాఖానకు తాళం వేసి మేమూ రోడ్డు మీది శిబిరంలో కూర్చున్నాం.

సమ్మెకు నెల ముందు యాదమ్మ బర్రెకు నేనే బీమా చేయించాను. భర్త భివండీ మగ్గాలకు పోయాడు, ఇల్లు నడిచేది ఆ బర్రె పాల మీదే. బీమా చేస్తే చావును పిలిచినట్టేనని ఊళ్లో ఒక మాట ఉండేది. ఆమె పది రోజులు ఎటూ తేల్చుకోలేదు. నాకు విసుగొచ్చి, "చేయించుకో యాదమ్మా, ఇగ నీకు రంది లేదు, దిగులు పడకు" అన్నాను. బర్రె చెవికి ఇయర్ ట్యాగ్, అంటే నంబరున్న పసుపు బిళ్ల, వేసి పంపాను. పశువు చస్తేనే డబ్బొస్తుందని, వైద్యానికి రాదని చెప్పనే లేదు. తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

బర్రె ఈనిన మర్నాడు వాళ్ల పక్కింటాయన సైకిల్ మీద శిబిరానికొచ్చాడు. బర్రె పొద్దున్నే పడిపోయిందట. అప్పటికి మధ్యాహ్నం మూడు. దవాఖాన తాళం తీసి మందుల సంచి పట్టుకున్నాను, శిబిరంలో ఎవరూ అడ్డు చెప్పలేదు.

వెళ్లేసరికి బర్రె మెడ డొక్క వైపు తిప్పి పడి ఉంది. చెవులు చల్లబడ్డాయి. మిల్క్ ఫీవర్. పేరుకే జ్వరం, ఈనాక ఒంట్లో కాల్షియం పడిపోయి పశువు కూలబడుతుంది. పొద్దున్నే ఎందుకు చెప్పి పంపలేదని యాదమ్మను కసిరాను.

"బిళ్ల ఉన్నది గద సారూ. బీమా కంపెనీ డాక్టరు వస్తడనుకున్న. రంది లేదని నువ్వే అంటివి."

మెడ నరానికి కాల్షియం ఎక్కించడం మొదలుపెట్టాను. తొందరపడితే గుండె ఆగుతుంది, ఆలస్యమైతే బర్రె దక్కదు. ఒక చేత్తో సీసా ఎత్తి పట్టుకొని, ఇంకో చేత్తో స్టెతస్కోపు గుండె మీద పెట్టి వింటున్నాను. మధ్యలో ఆ చప్పుడు తడబడింది. సీసా దించేశాను. అంత భయం నా సర్వీసులో మళ్లీ పడలేదు. యాదమ్మ బర్రె తల ఒళ్లో పెట్టుకొని నా మొహమే చూస్తోంది.

"బతుకుతదా సారూ?"

తెలియదన్నాను.

గుండె చప్పుడు కుదురుకున్నాక సీసా మళ్లీ ఎత్తాను. రెండో సీసా సగమయ్యాక బర్రె తేన్చింది, పేడ వేసింది. పొద్దు గూకే లోపు లేచి నిలబడింది. అప్పుడు చెప్పాను బీమా సంగతి. ఆమె తిట్టలేదు. "సచ్చినంక వచ్చే పైసల కోసం పొద్దంత కూసున్ననా?" అని ఏడ్చింది. ఆమె కూర్చున్నది నా మాట నమ్మి.

బీమా చేయించాలా వద్దా అని ఎవరడిగినా చేయించమనే అంటాను. అయితే అది చావుకే తప్ప వైద్యానికి కాదని ముందు చెబుతాను. కొందరు అక్కడే వెనక్కి తిరిగిపోతారు. పోనీ. పశువు పడిపోతే వాళ్లు వెంటనే నా దగ్గరికి ఉరికొస్తారు.