మూడో చక్రం మీది బరువు

మామ పోయాడు. మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే బండి తీసుకుపోయి వాళ్ళ ఇంటిముందు ఆపి హారన్ కొట్టాను. ఆయన గడప దాటలేదు. "ఛాతిల జెర మంటగున్నది కోడలా. ఇయ్యాల నువ్వు ఆటోల పో. వట్టి బండి తోలకు" అన్నాడు. దవాఖానకు పోదాం పదమంటే, "గోలీ ఏసుకున్న, నీకు డ్యూటీ లేదా?" అని కసిరాడు. పటాన్‌చెరు దగ్గర నేను పనిచేసే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉండగా, భోజనాల వేళ అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ లేస్తలేడే" అంది.

నేను ఇవాళ నా కాళ్ళ మీద నిలబడ్డానంటే సగం ఆయన చలవే. బతికుండగా ఈ మాట అంటే, "సాలు తియ్, పెద్ద సభల మాట్లాడినట్టు" అని తిట్టేవాడు. ఇప్పుడు తిట్టడు గనక ధైర్యంగా రాస్తున్నాను.

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడిపోయింది. వెనక సీటు మీద ఒరిగిపోతానని బాపు నన్ను మోటార్‌సైకిల్ ట్యాంకు మీద, తన రెండు చేతుల మధ్య కూర్చోబెట్టుకొని బడికి తీసుకెళ్ళేవాడు. ఆయన పోయాక ఆ బండి కొట్టంలో గోనెసంచుల కింద పడి ఉండిపోయింది. దాని సీటు మీద మా కోళ్ళు గుడ్లు పెట్టేవి. అమ్మ రోజూ పొద్దున గుడ్ల కోసం సంచి ఎత్తినప్పుడల్లా నేను హ్యాండిల్ వంక చూసేదాన్ని.

ఒక ఎండాకాలం భానూరు దిక్కున మా ఊరికి వచ్చే కంపెనీ బస్సు బంద్ అయింది. షేర్ ఆటోవాళ్ళు నేను మెల్లగా ఎక్కేదాకా ఆగరు. ఆగినా ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగానే కదిలిస్తారు. రెండుసార్లు పడ్డాను. "ఇగ సాలు బిడ్డా, నౌకరి బంద్ జేసి ఇంట్ల కూసో" అంది అమ్మ. పక్కచక్రాల స్కూటీ కొనుక్కోరాదా అని ఊరంతా సలహా ఇచ్చింది. కొనుక్కోవచ్చు. కానీ నాకు బాపు బండి కావాలి. మొండితనమే, కాదనను. అమ్మేమో ఆ బండిని పాత ఇనుము కింద అమ్మేస్తానని కూర్చుంది. ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం.

తగవు తీర్చడానికి మామ వచ్చాడు. ఆయన వంటమనిషి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఉద్యోగమంతా గరిటె తిప్పి అప్పుడే రిటైరయ్యాడు. పానా పట్టిన చెయ్యి కాదు. కొట్టంలో గొంతుక్కూర్చొని బండిని చాలాసేపు చూశాడు.

"కోడలా, గిట్ల రా. గేరు ఏ దిక్కున్నది?"

"కుడిదిక్కు." ఆ కాలం బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఇప్పటి బండ్లకు తలకిందులు.

"కిక్కు?"

"గదీ కుడిదిక్కే."

"నీ కాళ్ళల్ల గట్టిది ఏది?"

నేను నా కుడికాలి వంక చూసుకున్నాను. అన్నేళ్ళు ఆ బండిని చూస్తూ కూడా నాకు ఆ ఆలోచనే తట్టలేదు.

"మరి ఎందుకే పరేషాన్? బ్రేకును చేతికి తెచ్చుకుందం. ఒరగకుంట ఎడమదిక్కు ఇంకో చక్రమేసి ఒక తొట్టి కట్టుకుందం. అక్కా, నువ్వు కోళ్ళకు వేరే జాగ సూడు" అన్నాడు. అమ్మ ఆయన మీద విరుచుకుపడింది. "కూరగాయలు కోసినట్టనుకున్నవా? ఏనాడన్న బండి ఇప్పినవా?" అంటే, "వంట గూడ పుట్టుకతోని రాలేదక్కా" అని లుంగీ ఎగ్గట్టాడు.

అట్లా మొదలైంది మా బండి వంట. నిజంగా వంటే. విప్పిన నట్లు, బోల్టులు టిఫిన్ గిన్నెల్లోకి. ఇంజను సామాను ఒక గిన్నె, చక్రాల సామాను ఒక గిన్నె. అత్తమ్మ పప్పు వండుకోవడానికి గిన్నె లేక నెత్తీనోరూ కొట్టుకునేది. ఏ రేకు కోయాలన్నా మామ గీత కంటే ఇవతలే కోసేవాడు. "ఉప్పు లెక్కనే. తక్కువైతె మల్ల ఏసుకోవచ్చు, ఎక్కువైతె తియ్యరాదు" అనేవాడు. తొందరపడటం నా జబ్బు. ఆ మాట నాకు ల్యాబ్‌లో కూడా పనికొస్తోంది.

చేసిన ఘనకార్యాలూ ఉన్నాయి. నేను డ్యూటీకి పోయిన రోజు ఆయన కార్బురేటర్ విప్పి, ఇత్తడి బిందెలు తోమినట్టు తోముదామని చింతపండు పులుసులో నానేసి పడుకున్నాడు. లేచి చూసేసరికి లోపలి ఇత్తడి ముక్కలు బంగారంలా తళతళలాడుతున్నాయి. చుట్టూ ఉన్న తెల్లలోహమంతా నల్లబడి గరుకు తేలింది. సాయంత్రం నేను వచ్చేదాకా అన్నం ముట్టలేదట మనిషి. "నా పులుసు గింతమంది తిన్నరు గని, దీనికి అరగలే" అన్నాడు. నేను నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడ్డాను. మర్నాడు హైదరాబాద్ పోయి పాత సామాను దుకాణాలన్నీ తిరిగి ఇంకొకటి పట్టుకొచ్చాడు. తన తప్పు దాచుకోలేదు. చాయ్ హోటల్ దగ్గర అడిగినవాడికీ అడగనివాడికీ తానే చెప్పి నవ్వించేవాడు. ఆ నల్ల కార్బురేటర్‌ను గరిటెల పక్కన గూట్లో పెట్టుకున్నాడు. దసరా ఆయుధపూజకు గరిటెలతో పాటు దానికీ కుంకుమబొట్టు పెట్టేవాడు.

తొట్టికి రేకు ఎక్కడిదనుకున్నారు? క్యాంటీన్‌లో ఆయన అన్నం గంపలు తోసిన స్టీలు ట్రాలీ తుక్కు దుకాణంలో కనబడితే తెచ్చుకున్నాడు. పటాన్‌చెరులో వెల్డింగ్ చేసే బీహార్ భాయ్ దాన్ని చూసి, "చాచా, యే గాడీ హై యా డోలీ?" అని నవ్వాడు. "డోలీ సమఝో. హమారీ బిటియా బైఠేగీ నై, చలాయేగీ" అన్నాడు మామ, తన క్యాంటీన్ హిందీలో. పల్లకీయే అనుకో, మా పిల్ల అందులో కూర్చోదు, తోలుతుంది అని. ఆ మాటకు నాకు అక్కడే కళ్ళు నిండాయి. పొగకు అన్నట్టు తుడుచుకున్నాను.

ఆ రోజే తొట్టి అడుగున గుండ్రటి ఇనుప రింగు ఒకటి వెల్డింగ్ చేయించాడు. ఎందుకు మామా అంటే, "ఉండనీ, పనికొస్తది" అన్నాడు. తర్వాత అందులో తన మంచినీళ్ళ సీసా పెట్టుకునేవాడు. సీసాకు ఇంత పెద్ద రింగా అనుకున్నాను గానీ, ఆయన పనులన్నీ ఓ చెయ్యి ఎక్కువే కదా అని ఊరుకున్నాను.

బండి బయటికి తీసిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రెండే తెచ్చారు, అలవాటు కొద్దీ. మూడో చక్రం ఎవరికీ గుర్తులేదు. అత్తమ్మ ఇంట్లోకి ఉరికి, నిమ్మకాయ దొరక్క టమాటా తెచ్చి పెట్టింది. అది చిట్లి మామ తెల్లపంచె మీద పడింది. "పులుపే కదా, నడుస్తది" అన్నాడాయన. అమ్మ ఆ గొడవలో నవ్వేసింది, నాతో మాట్లాడింది.

కల్లంలో ఒక్కదాన్నే మొదటి చుట్టు తిప్పాను. ఎడమకు తిప్పగానే వట్టి తొట్టి గాల్లోకి లేచింది. నేను కెవ్వుమన్నాను. మామ పరుగెత్తుకొచ్చి తొట్టిని కిందికి అదిమి పట్టి, ఆయాసపడుతూనే అందులో ఎక్కి మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు. "బరువు లేక లేస్తున్నది. ఇగ తోలు" అన్నాడు. తోలాను. లేవలేదు.

అప్పట్నుంచి అదే ఆయన ఉద్యోగం. రోజూ పొద్దున తలకు తువ్వాలు చుట్టుకొని, నా టిఫిన్ ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు. కంపెనీ గేటు దాకా వచ్చి, బండి నీడకు పెట్టించి, తాను పటాన్‌చెరు అంగట్లో కూరగాయలు ఏరుకొని ఆటోలో ఇంటికి పోయేవాడు. సాయంత్రం మళ్ళీ ఆటోలో గేటు దగ్గర హాజరు. "ఏం మామా, సవారీనా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "డ్యూటీ" అనేవాడు. ఇంత తిరుగుడు ఎందుకు, బియ్యం బస్తా వేసుకుంటాలే అంటే, "బస్తా ముచ్చట పెడ్తదా?" అనేవాడు. మలుపు వస్తోందంటే చాలు, "ఎడమకు నిమ్మళంగ" అనేవాడు. రోజూ అదే మలుపు, రోజూ అదే మాట. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ మాట కోసం ప్రాణం లాగుతోంది.

దినాలు అయిపోయాక మళ్ళీ డ్యూటీకి పోవాలి. బండి తీయనా, ఆటో ఎక్కనా? వట్టి బండి తోలకు అన్నదే ఆయన నాకు చెప్పిన చివరి జాగ్రత్త. అత్తమ్మకు చెప్పి ఆటోలో పోదామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె నన్ను చూసి, "బండి ఏదే? తీస్కరాపో" అంది.

తెచ్చేసరికి వాకిట్లో రాతి పొత్రం ఉంది. గ్రైండర్లు రాకముందు క్యాంటీన్ రోట్లో మామ పచ్చళ్ళు నూరిన పొత్రం. గ్రైండర్ వచ్చాక, పారేస్తామంటే ఇంటికి మోసుకొచ్చుకున్నాడు.

"నేను లేనినాడు పిల్లకు గిది పెట్టియ్యి అని ఎన్నడో జెప్పిండు. కొల్తలు గూడ తీస్కపోయిండు" అంది అత్తమ్మ.

ఇద్దరం పట్టి ఎత్తి తొట్టిలో దించాం. పొత్రం ఆ ఇనుప రింగులో కూర్చుంది. అటూ ఇటూ కదిపి చూశాను, కదల్లేదు. అత్తమ్మ ఆయన తువ్వాలు తెచ్చి దానికి చుట్టింది. ఇద్దరం తనివితీరా ఏడ్చాం.

ఊరు దాటాక ఆ మలుపు వచ్చింది. "ఎడమకు నిమ్మళంగ" అని పైకే అనుకొని తిప్పాను. పొత్రం మామంత బరువు లేదు. అయినా మూడో చక్రం నేలను వదల్లేదు.