పిండిమర చప్పుడు, సూర్యుడి చప్పుడు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. మా మార్కాపురం తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. బి.ఎస్సీ. ముగించి ఖాళీగా ఉన్న నన్ను, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను కొలిచే ఒక బృందం తాత్కాలికంగా పనిలోకి తీసుకుంది. నా చదువు చూసి కాదు. ఈ పల్లెల దారులూ మాటా తెలిసినవాడు వాళ్ళకు కావలసి వచ్చాడు.

పెద్ద రేడియో టెలిస్కోపు కట్టడానికి నిశ్శబ్దమైన చోటు కోసం వెతుకుతున్నారు. నిశ్శబ్దమంటే చెవికి సంబంధించింది కాదు. ఇంజన్లు, మోటార్లు, కరెంటు తీగలు అన్నీ రేడియో తరంగాలు వదులుతుంటాయి. రేడియోలో పాట మధ్య గరగరమంటుందే, అది వాటి పనే. నక్షత్రాల నుంచి వచ్చే సన్నటి తరంగాలు ఆ గరగరలో కొట్టుకుపోతాయి.

పుల్లలచెరువు దాటి నల్లమల అంచున ఒక ఊరు దొరికింది. కరెంటు లేదు, ఒక్క రేడియో లేదు. గుంటూరు నుంచి వచ్చిన మా బృందం పెద్ద, మా సారు, పొంగిపోయారు. ఊరి బయట బీడులో గుంజలు పాతి యాంటెనా తీగలు కట్టాం. మా పెట్రోలు జీపులో స్పార్కు ప్లగ్గులు కూడా గరగరలాడించేవే కాబట్టి దాన్ని దూరంగా రోడ్డు మీదే వదిలేసి, సారు ఎద్దులబండిలో జొన్నచొప్ప మీద కూర్చుని వచ్చేవారు. దిగాక చొక్కా దులుపుకోవడానికే చాలాసేపు పట్టేది.

సూర్యుడూ రేడియో తరంగాలు వదులుతాడు; ముందు వాటితోనే మా పరీక్ష. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి, తరంగాల బలాన్ని కాగితం మీద గీసే పెన్ను మెల్లగా గుట్ట ఎక్కినట్టు ఎక్కి దిగాలి. కానీ అది ఎక్కుతూ ఎక్కుతూ పిచ్చిపట్టినట్టు ఎగరడం మొదలుపెట్టింది. హెడ్‌ఫోను పెట్టుకుంటే టపటపటపమని ఒకటే మోత.

"ఎక్కడిదో పట్టుకోవయ్యా," అన్నారు సారు.

చేతిలో చిన్న రిసీవరు, గుండ్రటి తీగ యాంటెనా పట్టుకుని, మోత ఎటు పెరిగితే అటు నడిచాను. వెనక గొర్రెల కాపరి ఒకాయన వచ్చాడు, ఆయన వెనక ఇంకొందరు. నేను ఆగిన చోటల్లా ఆయన ఒక రాయి పెడుతున్నాడు.

"ఏంది మామా, రాళ్ళు పెడ్తన్నావు?"

"నీళ్ళు ఏడ పడ్తయ్యో చూస్తన్నావు గదా. గుర్తుకు."

"నీళ్ళు గాదు మామా. రేడియో గరగర యాడ్నుంచి వస్తందో చూస్తన్నా."

"సరేలే, చెప్పగూడదేమోలే," అని ఆయన ఇంకో రాయి తెచ్చాడు. బావులన్నీ అడుగంటిన ఊరది. ఎంత చెప్పినా నమ్మలేదు.

మోత నన్ను పిండిమరకు తీసుకెళ్ళింది. కిరోసిన్ ఇంజను నడిపించే మర. దాని యజమానురాలు నలభై ఏళ్ళ మనిషి, కనుబొమల దాకా పిండితో తెల్లగా ఉంది. ఇంజను ఆపమన్నాను. ఆపింది. హెడ్‌ఫోను మూగబోయింది.

"అక్కా, నీ ఇంజను మా సూర్యుడికి అడ్డం వస్తంది."

"సూర్యుడికా? సూర్యుడేమన్నా నా గడప కాడికొచ్చి చెప్పినాడా? గిరాకీ వచ్చేదే మద్దినాల."

మర ఆపమనడం న్యాయం కాదని సారే అన్నారు. నూనె డబ్బా రేకు కత్తిరించి ఇంజను స్పార్కు ప్లగ్గుకు మూత చేశాం. ప్లగ్గు తీగలో గరగరను అణిచే రెసిస్టెన్సు ముక్క పెట్టి, రేకు నుంచి ఒక తీగ భూమిలోకి దించాం. మర్నాడు మర ఆడుతూనే ఉంది, పెన్ను బుద్ధిగా గుట్ట ఎక్కి దిగింది. సారు నన్ను వాటేసుకున్నారు. అక్క చూడటానికి వస్తే స్పీకరు పెట్టి సూర్యుణ్ణి వినిపించాం. బుస్సుమని ఒకటే హోరు.

"ఇంతేనా? మా గిర్నీలోంచి పిండి జారినట్లే ఉంది," అంది. కానీ చాలాసేపు కదల్లేదు.

చోటు దాదాపు ఖాయమైంది. టెలిస్కోపు వస్తే ఇంటి దగ్గరే నాకు పక్కా ఉద్యోగం. ఆ సాయంత్రం సారు, "ఈ చుట్టుపక్కల కరెంటు లైన్లు రాకుండా ప్రభుత్వాన్ని అడగాలి. లేకపోతే ఈ నిశ్శబ్దం నిలవదు," అన్నారు.

మా నాయన కూడా బావికి మోటారు పెట్టాలని ఏళ్ళ తరబడి కరెంటు కోసం కాచుకుని ఉన్నాడు.

"ఈ ఊరోళ్ళకు కరెంటే నీళ్ళు సార్," అన్నాను. "బావులు లోతుకు పోయినాయి. మోటారు లేకుంటే ఇంక పైరు లేదు."

మర్నాడు సారు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బావి దగ్గరికి వెళ్ళారు. ఆడవాళ్ళు తాడుకు తాడు ముడివేసి చేదుతున్నారు. ఆయనా ఒక బిందె చేదారు. సగంలో ఆగి, రొప్పుతూ నవ్వారు.

"మనం ఇంకో కొండ చూసుకుందాంలే," అన్నారు.

గుంజలు పీకేశాం. నేను బృందంతోనే వేరే కొండలకు వెళ్ళాను. ఇంటికి దూరమయ్యానని బాధపడ్డాను గానీ, ఆ సాయంత్రం సారుతో అన్న మాటకు మాత్రం ఎప్పుడూ బాధపడలేదు.

కొన్నేళ్ళకు ఆ ఊరికి వెళితే కరెంటు స్తంభాలు వచ్చేసి ఉన్నాయి. అక్క మర మోటారు మీద నడుస్తోంది. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడక, ఇద్దరం బయటికొచ్చి వేపచెట్టు నీడలో కూర్చున్నాం. ఏ చేలో ఏ పైరు వేశారో చెప్తూ పోయింది. మధ్యలో లోపలికి తొంగిచూసి గిరాకీదారును కసిరి, మళ్ళీ అందుకునేది.