మగదోమలతో గురజాల ప్రయాణం

పల్నాడుకు ఆడపిల్లను పంపనన్నారు మా ప్రొఫెసర్. నేను బయలుదేరడానికి అసలు కారణం అదే. ఎనభైల మధ్యలో గుంటూరులో దోమల మీద జరుగుతున్న ఒక చిన్న పరిశోధనలో నాది సహాయకురాలి ఉద్యోగం. మగదోమలు రెక్కలు రాని ప్యూపా దశలో ఉండగా వాటికి రేడియేషన్ ఇస్తాం. అవి మామూలుగానే పెరిగి ఎగురుతాయి, ఆడదోమలతో కలుస్తాయి. కాని ఆ ఆడదోమలు పెట్టిన గుడ్లు పిల్లలు కావు. అలాంటి మగదోమలను ఊరి మీదికి వదులుతూ పోతే దోమల సంతతి తగ్గిపోతుందన్నది ఆలోచన. నాకంటే ముందు ఇద్దరు మగవాళ్లు గురజాల అవతల ఒక ఊరికి వెళ్లి, పెట్టెల్లో ఉన్నది దోమల మందని అబద్ధం చెప్పి, ఏం మందో చూపించమంటే నీళ్లు నమిలి, తిట్లు తిని వచ్చారు. “నువ్వూ మందనే చెప్పు. రేడియేషన్ అనీ, పిల్లలు పుట్టవనీ నోరు జారకు” అన్నారు ప్రొఫెసర్. “చెబితే నిజమే చెబుతాను సార్. లేకపోతే పెట్టెలు మీరే మోసుకెళ్లండి” అన్నాను. ఆయనది నడుము నొప్పి. పెట్టెలు నాకే ఇచ్చారు.

అప్పట్లో గుంటూరు నుంచి తెల్లవారకముందే మాచర్ల బస్సు ఉండేది. సత్తెనపల్లి, రాజుపాలెం, పిడుగురాళ్ల మీదుగా గురజాల చేరడానికి నాలుగు గంటలు పట్టేది. టికెట్టు పది రూపాయల పైచిలుకు. పెట్టెలంటే నెట్టుగుడ్డ చుట్టిన రెండు పంజరాలు. వాటిని తడిగుడ్డ కప్పి ఒళ్లో పెట్టుకున్నాను. దోమలకు ఎండ తగిలితే ప్రాణం పోతుంది కనుక పడమటి వైపు కిటికీ సీటు కోసం ఒక పెద్దమనిషితో పోట్లాడి మరీ కూర్చున్నాను. కండక్టరు వచ్చి గుడ్డ ఎత్తి చూశాడు.

“ఇయ్యేందమ్మా?”

“దోమలు.”

“మావైపు లేవనా, గుంటూరు నుంచి మోసుకొస్తన్నావు?”

“ఇవి మగవి. కుట్టవు.”

“మగోడు కుట్టకుండా ఉంటాడంటే ఎట్టా నమ్మేది” అని వెనక సీట్లో ఎవరో ముసలామె అంది. బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్టు మాత్రం కొట్టలేదు. దోమలకు రేటు లేదన్నాడు కండక్టరు.

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగకు పంజరాలను కొంగుతో కప్పుకున్నాను. గురజాలలో దిగి టీ తాగి, ఆ ఊరికే ఖాశిం అనే ఆయన జట్కా మాట్లాడుకున్నాను. రానూపోనూ ఎనిమిది రూపాయలు. రాత్రికి తన ఇంట్లోనే పడుకోవచ్చని, భార్య వండుతుందని ఆయనే చెప్పాడు. దారి పొడుగునా మిరప చేలు ఎర్రగా కోతకు వచ్చి ఉన్నాయి. పెట్టెల సంగతి విని ఖాశిం కళ్లెం బిగించాడు. “అమ్మా, పదేళ్ల కిందట మనం పోయే ఊళ్లోకి జీపులొచ్చినయ్. చానామంది మగాళ్లను ఎక్కించుకపోయి ఆపరేషన్లు చేసి పంపారు. ఇప్పుడు పిల్లలు పుట్టకుండా చేసే దోమలని చెప్తే ఊరుకుంటారా?” అన్నాడు. చెప్పకుండా వదిలితే ఆ జీపులకూ నాకూ తేడా ఏముందని అడిగాను. “అయితే జట్కాను ఊరి మొగదల్లోనే గురజాల వైపు తిప్పి పెడతా, ఎందుకైనా మంచిది” అన్నాడు.

ఊరు మధ్యాహ్నానికే చేరినా ఆడవాళ్లు చేలల్లో ఉన్నారని ఆగి, పంచాయతీ ప్రెసిడెంటు ఇంటి ముందు అరుగు మీద పంజరాలు పెట్టి కూర్చునేసరికి సాయంత్రమైంది. మగవాళ్లు ముందే చేరారు. చేల నుంచి వస్తున్న ఆడవాళ్లు గంపలు దించి గోడవారగా నిలబడ్డారు. రేడియేషన్ దగ్గర్నుంచి గుడ్ల దాకా ఏదీ దాచకుండా చెప్పాను. దోమకు ఇచ్చింది దోమతోనే పోతుందని, మగదోమ మనిషి జోలికే రాదని చెప్పి, నా చెయ్యి పంజరంలో పెట్టి చూపించాను. ప్రెసిడెంటు మీసం దువ్వుకుంటూ, “నువ్వు చేతికేదో పూసుకొచ్చుంటావు” అన్నాడు. ఇంకెవరైనా పెట్టి చూడమన్నాను. ఎవరూ ముందుకు రాలేదు. పిల్లలు కావాల్సినవాళ్లం మాకెందుకమ్మా అన్నారు.

అప్పుడు గోడ దగ్గర నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, పేరు కోటమ్మ. “నన్నెటూ గొడ్రాలంటన్నారుగా. నాకు కొత్తగా పోయేదేముంది?” అని పంజరంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. “పొద్దున్నుంచి మిరక్కాయలు కోసిన చెయ్యి. కుడితే దానికే మంట” అంది. ఒక్క దోమా కుట్టలేదు. చెయ్యి తీయకుండానే నన్ను అడిగింది.

“ఆడదోమ గుడ్లు పెట్టుద్దా?”

“పెడుతుంది.”

“పిల్లలు మాత్రం కావు.”

“కావు.”

“లోపం ఎవరిది?”

“మగదానిది.”

“ఆడదాంట్లో ఏ లోపమూ లేదా?”

“లేదు.”

“కాస్త గట్టిగా చెప్పమ్మా. మా అత్తకి చెవుడు.”

గోడ దగ్గరున్న అత్తకు ఏ చెవుడూ లేదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. ఖాశిం నా వెనక నుంచి మెల్లగా విషయం చెప్పాడు. పిల్లలు లేరని కోటమ్మ మొగుడు అంజయ్యకు ఈ మాఘంలోనే రెండో పెళ్లి చేస్తున్నారు. పిల్లను కూడా ఖాయం చేశారు. ఇంతలో కోటమ్మ అసలు ప్రశ్న అడిగేసింది.

“మరి మనుషుల్లోనో?”

“నువ్వు దోమల సంగతి చెప్పి పోమ్మా” అని ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. నోరు మూసుకుంటే దోమలు వదిలి, పని చేసుకొచ్చానని ప్రొఫెసర్ ముందు తలెత్తుకోవచ్చు. జవాబు చెబితే పంజరాలతో సహా వెళ్లగొడతారు. కాని ఆమె చెయ్యి ఇంకా పంజరంలోనే ఉంది. నాకు కోపం వచ్చింది, ఊరి మీదా, నా భయం మీదా. “మనుషుల్లోనూ అంతే. లోపం ఆడవాళ్లలో ఉండొచ్చు, మగవాళ్లలో ఉండొచ్చు. ఇద్దరికీ పరీక్ష చేయకుండా ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. గుంటూరు పెద్దాసుపత్రిలో చేస్తారు” అని గట్టిగానే చెప్పాను.

పెద్ద గొడవైంది. మా ఊరి గాలిలో ఒక్క దోమను వదిలినా ఊరుకోమన్నాడు ప్రెసిడెంటు. అత్త శాపనార్థాలు మొదలుపెట్టింది. అంజయ్య తల వంచుకుని నిలబడ్డాడు. కోటమ్మ ఒక పంజరం తన గంపలో పెట్టుకుని, “ఊరి గాలి మీదైతే, మా నాయన నాకిచ్చిన పొలం చెక్క నాది. అందులో బావీ నాదే. రామ్మా” అని నడిచింది. పంజరంలోని దోమలకు జడిసి ఆమెకు ఎవరూ అడ్డం రాలేదు. బావి గట్టు మీద పంజరాలు తెరిచాం. దోమలు కాసేపు నెట్టును పట్టుకుని ఉండి, తర్వాత బావిలోకీ మిరప చేలోకీ వెళ్లిపోయాయి. వెనకే వచ్చిన అంజయ్య, “పదిమందిలో పరువు తీశావు గదే” అన్నాడు. “పొద్దున బస్సుకు గుంటూరు పోదాం. నువ్వు రాకపోతే పెళ్లిపందిట్లోకొచ్చి ఇదే మాట అడుగుతా. ఆ పిల్ల ముందే అడుగుతా” అంది కోటమ్మ.

ఖాశిం భార్య పెట్టిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిని పడుకున్నాను. పొద్దున గురజాలలో బస్సెక్కేసరికి కోటమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. అంజయ్య డ్రైవరు వెనక సీట్లో, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. గుంటూరు వచ్చేదాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. దిగాక మాత్రం ఆసుపత్రికి దారి నన్ను అతనే అడిగాడు.

మా ప్రయోగం వల్ల ఊళ్లో దోమలు తగ్గలేదు. రెండు పంజరాల దోమలతో ఒక ఊరి సంతతి తగ్గదు, ఏళ్ల తరబడి వదలాలి. ఆ తర్వాత నన్ను ఏ ఊరికీ పంపలేదు, నేను చేసింది తప్పని ఒప్పుకోనూ లేదు. ఆ పెళ్లి జరగలేదు. పరీక్షలో లోపం ఎవరిదని తేలిందని ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ అడుగుతారు. నాకు తెలుసు, చెప్పను. ఆమెదని తేలితే మీరు అంజయ్యకు పెళ్లి చేస్తారా? గురజాల వైపు పల్లెలకు ఏదైనా చెప్పడానికి వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా: మిరపకోతల రోజుల్లో వెళితే పగలు ఊళ్లో మగవాళ్లే దొరుకుతారు, తొందరపడి వాళ్లకు చెప్పి వచ్చేయకండి. ఆడవాళ్లు చేల నుంచి వచ్చేదాకా కూర్చోండి, ఆఖరి బస్సు పోయినా సరే.