డాక్టరు గారి చెవి

గస్తీ ఓడలో ఆ ఇంజన్ మెకానిక్‌ను అందరూ డాక్టరు గారనే పిలిచేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. "దీనికి ఒంట్లో బాలేదు" అన్నాడంటే విప్పి చూడాల్సిందే. పాతికేళ్లలో ఒక్కసారీ ఆయన అంచనా తప్పలేదు. మీటర్ల కంటే ఆయన చెవి మీదే ఓడవాళ్లకు గురి.

ఆర్నెల్లుగా ఆ చెవి మందగించింది. ముందు కనిపెట్టింది భార్య.

"ఏమండీ, మన టీవీలో వార్తలు వీధి చివరివాళ్లు కూడా వింటున్నారట. ఒకసారి చూపించుకోండి," అంది.

చూపించుకుంటే ఒడ్డున కూర్చోబెడతారు. ఓడ లేకపోతే తానెందుకూ కొరగానని ఆయన భయం. అందుకే ఈసారీ బయల్దేరే ముందు స్క్రూడ్రైవర్ ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, "గుండ్రాయిలా ఉంది" అనేశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ బాగా అతికింది. జూనియర్ మెకానిక్ అమ్మాయి అదే మాట పుస్తకంలో రాసుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. నలభై మైళ్ల అవతల చేపల పడవ మునుగుతోంది, అందులో ఆరుగురున్నారు. కెప్టెన్ రెండు ఇంజన్లూ పూర్తి వేగంతో నడపమన్నాడు. కాసేపటికే ఆ అమ్మాయి పరుగున వచ్చింది.

"మాస్టారూ, కుడి ఇంజన్లో ఏదో గరగరమంటోంది."

ఆయన చెవి పెట్టాడు. ఏమీ వినబడలేదు. మళ్లీ బాగానే ఉందని అనేయొచ్చు. స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చాడు.

"నాకు వినబడట్లేదమ్మా. ఆర్నెల్లయింది. నువ్వే విను."

ఆమె విన్నది. "బేరింగు అరిగిపోయింది మాస్టారూ."

కుడి ఇంజన్ ఆపేశారు. ఒక్కదానితో ఈడ్చుకుంటూ గంటన్నర ఆలస్యంగా చేరారు. బోర్లాపడ్డ పడవను పట్టుకుని ఐదుగురే ఉన్నారు.

"మా అన్న ఇక్కడే ఉన్నాడు. ఇందాకే చెయ్యి జారింది," అన్నాడొకడు. చీకటి పడేదాకా వెతికినా ఆ అన్న దొరకలేదు.

కెప్టెన్ రిపోర్టు ముందు కూర్చున్నాడు. "యంత్రమన్నాక చెడుతుంది. ఇంజన్ లోపమని రాస్తాను. మీకింక రెండేళ్ల సర్వీసేగా," అన్నాడు నెమ్మదిగా.

"ఇంజన్ రేవులోనే చెప్పి ఉంటుంది సార్. నాకు వినబడదని నేనే చెప్పలేదు. అదే రాయండి."

అక్కణ్నించి ఆయన డెక్కు మీదికి వెళ్లాడు. దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆ తమ్ముడి పక్కన కూర్చుని, అదే మాట అతనికీ చెప్పాడు.