అల్లుడుగారి చేదు బీరు

చిన్నప్పుడు నాకు రాయడం రాకపోవడానికి కారణం పొగాకు. ఒంగోలు దగ్గర మా ఊళ్లో ఆడపిల్లలం పదేళ్లకే షెడ్డులో ఆకు గ్రేడింగ్‌కు వెళ్లేవాళ్లం. ఆకును అరచేతుల మధ్య నలిపి, వాసన చూసి, ఏ కుప్పలోది ఆ కుప్పలో వేయాలి. సాయంత్రానికి చేతులకు నల్లటి జిగురు పట్టేది, చింతపండుతో తోమినా వదిలేది కాదు. ఆ చేతులతో పలక పట్టే తీరిక నాకు ఎన్నడూ దొరకలేదు. తర్వాత పెళ్లి, ఆడపిల్ల, మళ్లీ అదే షెడ్డు. అరవై దాటాక సింగపూర్‌లో, బూన్ లేలోని అమ్మాయి ఫ్లాట్‌కు వచ్చినప్పుడు, మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకెళ్లే పని నాకు పడింది. బయట బెంచీ మీద ఎంతసేపని కూర్చుంటాం? లోపలికి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఏడాది తిరిగేసరికి మనవరాలికి గుణింతాలు వచ్చాయి. నాకు ఒత్తులు కూడా వచ్చాయి.

మా అల్లుడుగారికి సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆయనకున్న సరదా ఒక్కటే, ఇంట్లో బీరు కాయడం. మొదటిసారి కాచింది ఇక్కడి ఉక్కకు పులిసిపోయింది. రెండోది ఆసుపత్రి వాసన కొట్టింది. రెండూ సింకులో పోశారు. మూడోసారి ఇంగ్లండు పద్ధతిలో బిట్టర్ అనే చేదు బీరు కాస్తాననగానే మా అమ్మాయి నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఇదే లాస్ట్ చాన్స్ అండీ. ఇది కూడా సింకులోకి పోతే ఆ గిన్నె, డ్రమ్ము, గొట్టాలు అన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా. నా బాత్‌రూమ్ నాకు కావాలి."

"డీల్" అన్నారాయన ధైర్యంగా. అన్నాక ముఖం వాడిపోయింది.

బీరుకు చేదునిచ్చేవి హాప్స్ అనే ఎండిన పువ్వులు. పొరలు పొరలుగా, బొటనవేలంత క్యాబేజీల్లా ఉంటాయి. ఈ బీరుకు వాడే ఇంగ్లండు రకం ఎక్కడా దొరకలేదు. కొట్టువాడు ఏదో కొత్త రకం పంపాడు. ప్యాకెట్ మీద రకం పేరు తప్ప ఎంత చేదో రాసి లేదు. అల్లుడుగారు పాత రకానికి రాసిన కొలతే తీసుకుని, మొదట్లో వేయడానికి నలభై గ్రాములు ఒక ప్లేటులో, చివర్లో వాసన కోసం ఇరవై మరో ప్లేటులో తూచి పెట్టారు. నాకు రాత అలవాటవుతుందని, ఎప్పుడు ఏం వేశామో పుస్తకంలో రాసే పని నాకిచ్చారు.

బార్లీ నీళ్లు తెర్లడం మొదలయ్యే వేళకు ఆయనకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"అత్తయ్యా, పొంగు రాగానే పెద్ద ప్లేటు మొత్తం వేసేయండి. అర్జెంట్ కాల్" అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

పొంగు వచ్చింది. ప్లేటు తీసుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక పువ్వును అరచేతిలో వేసి నలిపాను. పచ్చటి పొడి చేతికి అంటుకుని వదల్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు మామిడల్లం వాసన వచ్చింది, దాని వెనక గొంతు పట్టేసే ఘాటు. షెడ్డులో ఇలాంటి ఆకు వస్తే మేం విడిగా పెట్టేవాళ్లం. నలభై గ్రాములు వేస్తే దీన్ని ఎవరూ నోట పెట్టలేరనిపించింది. తలుపు తడదామంటే లోపల ఆయన ఎవరికో సర్ది చెబుతున్నారు. ఇక్కడ గిన్నె పొంగిపోతోంది.

చేత్తో సగం తీసి వేశాను. మిగతా సగం ఒక కవరులో కట్టి, ఫ్రిజ్‌లో కరివేపాకు వెనక పెట్టాను. చివర్లో వేయాల్సింది మాత్రం తగ్గించలేదు. దింపే ముందు వేసే కొత్తిమీరను ఎవరైనా తగ్గిస్తారా? పుస్తకంలో మాత్రం అబద్ధం రాయలేదు. "నలభైలో సగమే వేశాను. ఘాటుగా ఉంది. అల్లుడుగారికి చెప్పలేదు."

ఆయన వచ్చి "అంతా వేశారా?" అని అడగలేదు. "థాంక్స్ అత్తయ్యా" అన్నారు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఆయన చదువంతా ఇంగ్లీషులోనే, తెలుగు చదవడం రాదు కాబట్టి అది నన్ను పట్టివ్వలేదు.

ఆ తర్వాత నెల రోజులు నాకు స్థిమితం లేదు. కాచిన బీరు పోసిన డ్రమ్ము బాత్‌రూమ్‌లో నీళ్ల తొట్టిలో కూర్చుంది. ఉక్కకు పాడవకుండా దానికి తడి తువ్వాలు చుట్టి, రోజుకు రెండుసార్లు ఐసు సీసాలు మార్చేదాన్ని. బీరు చప్పగా వస్తే ఆయన సరదా పోయేది నా వల్లే కదా.

"అమ్మా, నన్ను కూడా ఇంత బాగా చూసుకోలేదు నువ్వు" అంది మా అమ్మాయి.

సీసాల్లోకి ఎక్కించి, అవి సిద్ధమయ్యాక, అల్లుడుగారు తన ఆఫీసులోని ఒక ఇంగ్లీషాయనను శనివారం సాయంత్రం పిలిచారు. ఆయన చిన్నప్పటి నుంచీ ఆ బిట్టరే తాగి పెరిగినవాడట. ఒక గుక్క తాగి గ్లాసును వెలుతురుకు పెట్టి చూశాడు. ఏదో అన్నాడు. అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటున్నాడే?" అని మనవరాలిని గిల్లాను.

"అంకుల్ వాళ్ల ఊరి టేస్ట్ కాదంట అమ్మమ్మా. మ్యాంగో స్మెల్ అంట." కాసేపు విని, "బట్ ఇంకో గ్లాస్ కావాలంట లా!" అంది, ఇక్కడి పిల్లల్లాగే చివర "లా" తగిలించి.

రెండో గ్లాసు సగంలో ఇంగ్లీషాయన హాప్స్ ఎంత వేశారని అడిగాడు. అల్లుడుగారు నలభై అన్నారు. ఇంగ్లీషాయన తల అడ్డంగా ఊపాడు. ఆ రకం తనకు తెలుసట, నలభై వేస్తే చేదుకు నోరు వంకర పోవాలట.

ఇక దాచలేక పుస్తకం తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాను. అది గట్టిగా చదివింది. "అల్లుడుగారికి చెప్పలేదు" దగ్గర దానికి నవ్వు ఆగలేదు.

"అత్తయ్యా!" అన్నారాయన. "నెల రోజులు నాకెందుకు చెప్పలేదు?"

"మీరు థాంక్స్ అన్నారుగా బాబూ."

మా అమ్మాయి పకపకా నవ్వి, "సరే, సామాను ఉంటుంది. కాచేది మీరు, వేసేది అమ్మ" అని తీర్పు చెప్పింది. ఇంగ్లీషాయన మాత్రం వదల్లేదు. సగమంటే కచ్చితంగా ఎన్ని గ్రాములని అడిగించాడు. చేత్తో తీశాను, తూచలేదు అన్నాను. అల్లుడుగారు తల పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు లేచి, ఫ్రిజ్‌లోని కవరు తీసి త్రాసు మీద పెట్టాను. ఇరవై మూడు చూపించింది. అంటే నేను వేసింది పదిహేడే. పుస్తకంలో "సగమే" అన్న మాట కొట్టేసి, పైన ఆయనకూ అర్థమయ్యేలా అంకెల్లో "17" అని రాశాను. అల్లుడుగారికి కనబడేలా పుస్తకాన్ని పొయ్యి పక్కన తెరిచి పెట్టి, ఇడ్లీ వేశాను.